నోటితో చెప్పిన కొటేషన్

కొటేషన్ చేతికి అందాక జనం అందులో ఏం చదువుతారు? ఖమ్మంలో మిషన్లు చేసే ఒక వర్క్‌షాపులో ఉద్యోగానికి చేరిన కొత్తలోనే నాకు ఈ సందేహం పట్టుకుంది. మాది పెద్ద ఫ్యాక్టరీ కాదు. వెనక పొడుగాటి రేకుల షెడ్డు, ముందు గాజు తలుపున్న చిన్న గది. షెడ్డులో మిషన్లు తయారవుతాయి. గదిలో నేను కంప్యూటరు ముందు కూర్చుని కొటేషన్లు తయారు చేస్తాను. మిర్చి తొడిమలు తీసేవి, పసుపు ఉడికించేవి, పల్లికాయ వలిచేవి, చింతపండు గింజ తీసేవి, ఇలా ఏది అడిగితే అది చేస్తాం. ముందే చేసి పెట్టుకుని అమ్మేది ఒక్కటీ ఉండదు. ఒకాయనకు పొడుగు కావాలి, ఇంకొకాయనకు పొట్టి కావాలి, ఇంకొకాయన ట్రాక్టరుకు తగిలించేలా చేయమంటాడు. మిషన్లు ఎన్ని తీర్లో కొటేషన్లూ అన్ని తీర్లు.

మా పుట్టిల్లు మధిర దగ్గర ఒక పల్లె. పెళ్లయ్యాక ఖానాపురం హవేలిలో కిరాయి ఇంట్లో కాపురం పెట్టాం. చదివింది కామర్సు. మోటారుకీ గేరు బాక్సుకీ తేడా తెలియకుండానే వర్క్‌షాపులో అడుగుపెట్టాను. కంప్యూటరు వచ్చు, ఫోనులో నెమ్మదిగా మాట్లాడతాను, అంతవరకే నా అర్హత.

మా ఓనరు వాళ్లు తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి సత్తుపల్లి వైపు వచ్చి పొలాలు కొన్నవాళ్లు. ఆయన వ్యవసాయం తమ్ముడికి వదిలేసి ఈ షెడ్డు వేసుకున్నారు. షెడ్డులో పనంతా చూసేది మేస్త్రి. కొత్తగూడెం మనిషి, వయసులో నాకన్నా చాలా పెద్ద. నేను అన్నా అని పిలుస్తాను, ఆయన చెల్లె అంటాడు.

ఒక కొటేషన్ తయారయ్యే వరస ఇలా ఉండేది. ఫోను వస్తుంది. గంటకు ఎన్ని కిలోలు ఆడాలి, కరెంటు సింగిల్ ఫేజా త్రీ ఫేజా అని నేను అడిగి రాసుకుంటాను. ఆ కాగితం మేస్త్రి దగ్గరికి పోతుంది. ఆయన చేతిలో పని ముగించుకుని, ఎంత రేకు పడుతుందో, ఎంత మోటారు కావాలో చెబుతాడు. అది ఓనరు గారి బల్ల మీదికి పోతుంది. ఆయన ఊళ్లో ఉంటే ధర వేస్తారు, లేకపోతే కాగితం అక్కడే ఉంటుంది. ధర వచ్చాక నేను పాత కొటేషన్ ఒకటి తెరిచి, పేరూ ఊరూ కొలతలూ మార్చి పంపుతాను. ఇంగ్లీషులో రెండు పేజీలు. ఈ తతంగం పూర్తయ్యేసరికి అడిగినాయన ఇంకోచోట అడ్వాన్సు ఇచ్చేసి ఉండేవాడు. మిర్చి, చింతపండు రెండూ చలికాలం వెళ్లగానే మొదలవుతాయి. ఫోన్లన్నీ ఒకేసారి మోగేవి. సీజను దాటితే ఇక మా కాగితం ఎవరికీ అక్కర్లేదు.

ఓనరు గారికి ఇదే దిగులు. ఒకసారి కొటేషన్లు తయారు చేసే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను పిలిపించారు. వచ్చినాయన లాప్‌టాప్ తెరిచి, మీ వస్తువుల పేర్ల పట్టీ ఇవ్వండి, ఏది కావాలో నొక్కితే చాలు, కొటేషన్ వచ్చేస్తుంది అన్నాడు. మేము ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం. మా మిషన్లకు పేర్లేవీ? మేస్త్రి అయితే వాటిని ఊళ్లను బట్టి గుర్తుపెట్టుకుంటాడు. వైరాది, ఇల్లెందుది, మణుగూరుది. ఆ వచ్చినాయన టీ తాగి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం సాఫ్ట్‌వేరు కన్నా మొదటి సందేహమే తొలుస్తుండేది. ఎవరైనా కొటేషన్ కోసం స్వయంగా వస్తే, కాగితం చేతికిచ్చి వాళ్ల కళ్లు ఎటు పోతాయో గమనించేదాన్ని. ఎక్కువమంది చూపు నేరుగా రెండో పేజీ అడుక్కి, ధర దగ్గరికి పోయేది. అక్కణ్నుంచి మొదటి పేజీలో ఉన్న ఫోటోకి వచ్చేది. మధ్యలో ఉన్న వరసలన్నీ, నేను అంత జాగ్రత్తగా టైపు చేసినవి, ఎవరి కోసమో నాకు అర్థమయ్యేది కాదు. అడుగుదామంటే మొహమాటం.

ఒక చింతపండు సీజను ముందు ఒక ఆడమనిషి ఫోను చేసింది. దుమ్ముగూడెం దాటి అడవిలోపలికి పోతే వచ్చే ఒక కోయ పల్లె వాళ్లది. అక్కడి మహిళా సంఘానికి ఆమె లీడరు. అడవిలోంచి, చేల గట్ల మీది చెట్ల నుంచి వాళ్లందరూ చింతకాయ రాలగొట్టుకొచ్చి, పెంకు కొట్టి, గింజ తీసి అమ్ముతారు. కొత్తగూడెంలో ఒక వ్యాపారి గోడౌనులో మా మిషన్ చూసిందట. దాని మీద రాసిన నంబరు చూసి చేసింది. నేను అలవాటు ప్రకారం గంటకు ఎన్ని కిలోల గింజ తీయాలి అని అడిగాను. "గంటకని మేమెన్నడు చూడలేదు మేడం" అంది. గోడౌనులో చూసిన దానికన్నా చిన్నది చాలని ఆమె చెప్పడంతో, మేము చేసే వాటిలో చిన్నదానికి కొటేషన్ రాయించాను. సంఘం మీటింగు ఉంది, జల్దీ పంపమని ఆమె చెప్పింది. జల్దీ అంటే మా దగ్గర ఎంత జల్దీయో ముందే చెప్పాను కదా. ఎలాగో తయారై, వాట్సాప్‌లో వెళ్లింది.

ఆమె చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. మామూలుగా అయితే అక్కడితో సరి. కొటేషన్ పంపాక మళ్లీ ఫోను చేసే అలవాటు మాకు లేదు. కానీ మీటింగు అన్న మాట నా మనసులో ఉండిపోయింది. అంటే నా కాగితాన్ని ఒకరు కాదు, చాలామంది కూర్చుని చూసి ఉంటారు. వాళ్లేం చూశారు? ఓనరు గారు బయటికి వెళ్లిన సమయం చూసి నేనే ఫోను చేశాను.

"వచ్చింది మేడం. మీటింగుల అందరికి చూపిచ్చిన. దాంట్ల మాకు ఫోటో ఒక్కటే అర్థమైంది."

తెలుగులో రాసి పంపనా అని అడిగాను. లాభం లేదంది. సంఘంలో చదువొచ్చిన వాళ్లు తక్కువ. ముసలివాళ్లలో కొందరికి తెలుగు మాటలే సరిగా రావు, కోయలోకి మార్చి చెప్పాలి. అందుకని ఒక దారి ఆమే చెప్పింది.

"మీరు నోటితోని చెప్పి పంపుర్రి. నేను మీటింగుల ఫోను నడుమ పెడత. అర్థం కానోళ్లకి నేను మా భాషల చెప్త."

ఓనరు గారికి చెబితే నవ్వారు. వాయిస్ మెసేజ్‌లో కొటేషన్ ఏంటమ్మా, రేపు మాటలో తేడా వస్తే ఎవరిది బాధ్యత అన్నారు. ఆయన అన్నదీ నిజమే. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. కాగితం కాగితమే. నేను పంపేది దానికి వివరణ అంతే. కాగితంలో లేనిది చెప్పకూడదు.

ఆ రెండు పేజీలు ప్రింటు తీసుకుని, తెలుగులో చెప్పుకుంటూ పోదామని కూర్చున్నాను. రెండో వరసలోనే ఆగిపోయాను. ఎం.ఎస్. పౌడర్ కోటెడ్. ఇన్నేళ్లుగా టైపు చేస్తున్న మాటే. దాన్ని ఒక మనిషికి నోటితో ఎలా చెప్పాలి? కాగితం పట్టుకుని షెడ్డులోకి వెళ్లాను. మేస్త్రి పసుపు ఉడికించే డ్రమ్ముకి మూత సరిచేస్తున్నాడు. ఈ వరసకు అర్థమేంటన్నా అని అడిగాను.

"ఇనుముకి రంగు పొడి పట్టిచ్చి కాల్చుడు. జల్దీ తుప్పు పట్టది."

"చింతపండు పులుపుకి కూడా పట్టదా?"

ఆయన చేతిలోని పానా పక్కన పెట్టాడు. పండు తగిలే చోటంతా స్టీలే ఉంటుందని, తగలని చోటే ఇనుమని చెప్పాడు. అది కాగితంలో లేదా అని అడిగాడు. చూస్తే ఉంది. కింద ఇంకెక్కడో, కాంటాక్ట్ పార్ట్స్ ఎస్.ఎస్. అని ఉంది. అది ఇదేనని నాకు తెలియలేదు. నాకప్పుడు సిగ్గు కన్నా ఉత్సాహమే ఎక్కువ కలిగింది. ప్రతి వరస వెనకా ఇలాంటి సంగతి ఒకటి ఉందన్నమాట. ఒక్కొక్కటే అడుగుతూ పోయాను. ఆయన పని ఆపి, షెడ్డు మూలన సగం తయారైన మిషన్ దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. పైన పండు వేసే తొట్టి. లోపల తిరిగే రోలరు పండును జల్లెడకేసి రాస్తుంది. గింజ జల్లెడలోంచి కిందికి జారుతుంది. పండు ముందు నుంచి బయటికి వస్తుంది.

"తడి పండు వేస్తే?" అని అడిగాను.

"అంటుకుంటది. రోలరు ఆగిపోతది. ఎండినదే వెయ్యాలె."

"అది కొటేషన్‌లో లేదు కదన్నా."

"మిషన్ చెయ్యని పని ఎవడన్న రాస్తడా చెల్లె?"

ఆ మాట పట్టుకుని మళ్లీ ఓనరు గారి దగ్గరికి వెళ్లాను. కాగితంలో లేనిది చెప్పకూడదన్న ఒప్పందం ఉంది కదా. తడి పండు సంగతి చెప్పనివ్వండి సార్ అన్నాను. ముందే భయపెట్టడం ఎందుకని ఆయన గునిశారు. కొన్నాక రోలరు ఆగిపోతే అడవిలోకి పోయి బాగుచేయాల్సింది మనమే కదా అని మేస్త్రి గుమ్మంలోంచి అన్నాడు. దుమ్ముగూడెం దాకా పోయి రావడానికి ఎంత డీజిలు పడుతుందో ఓనరు గారికి మా ఇద్దరికన్నా బాగా తెలుసు. సరే చెప్పమన్నారు.

మొదటిసారి రికార్డు చేసి విన్నప్పుడు బస్‌స్టాండులో మైకు వినబడ్డట్టుంది. రెండోసారి, ఎదురుగా మా అత్తగారు కూర్చున్నట్టు ఊహించుకుని మాట్లాడాను. "అక్కలూ, మీరు అడిగిన మిషన్ నడుము ఎత్తు ఉంటుంది. ఒకరు నిలబడి పైనుంచి పండు వేయాలి, ఇంకొకరు ముందు వచ్చిన పండు ఎత్తాలి" అని మొదలుపెట్టి, లోపల ఏం జరుగుతుందో, పండు తగిలే చోట స్టీలు ఎందుకు పెడతామో, ఇంట్లో కరెంటుకే నడుస్తుందని, తడి పండు వేస్తే ఆగిపోతుందని, ధర ఎంతో, ఎన్నాళ్లకు ఇవ్వగలమో చెప్పాను. మాట్లాడటం అయిపోయింది. కాగితం చూసుకుంటే అందులో సగం వరసలు నేను వాడనేలేదు. కావాలని వదిలేయలేదు. చెప్పే అవసరమే రాలేదు. అది చాలా వింతగా తోచింది.

ఆ తర్వాతి మీటింగు అయ్యాక ఆమె దగ్గర్నుంచి వరసగా వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. నేను చెవి దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ విన్నాను. కోళ్ల అరుపులు, గిన్నెల చప్పుడు, వెనకాల చాలామంది కోయలో మాట్లాడుకుంటున్నారు. ఒక చోట నా గొంతే వినిపించింది. వాళ్లు నా మెసేజ్‌ను మళ్లీ పెట్టుకుని వింటున్నారు. తడి పండు మాట దగ్గరికి రాగానే ఎవరో ముసలావిడ ఏదో అంది, అందరూ గొల్లుమని నవ్వారు. ఏమన్నదో లీడరు చెప్పలేదు. నాకు ఆ నవ్వు మీదే మనసంతా. మేస్త్రికి వినిపిస్తే ఆయనకూ అర్థం కాలేదు.

ప్రశ్నలు మాత్రం ఆమె తెలుగులో స్పష్టంగా అడిగింది. గింజ పగులుతుందా, పగిలిన గింజ ఎవరూ కొనరు. మా ఊరికి ముందు వాగు ఉంది, లారీ రాదు, మిషన్ ఎన్ని ముక్కలుగా వస్తుంది. అన్నిటికన్నా ముందు అడిగింది ఇది:

"అక్కా, నిలబడి ఎయ్యాలె అన్నవు. కూసొని ఎయ్యరాదా? పొద్దందాక నిలబడుడు మాతోని కాదు."

మేడంని కాస్తా అక్కనయ్యాను. కానీ నేను దాని గురించి ఆలోచించలేదు. ప్రశ్న గురించే ఆలోచించాను. మేము చింతపండు మిషన్లు చాలా అమ్మాం. కూర్చుని వేయొచ్చా అని ఇంతవరకూ ఒక్కరూ ఎందుకు అడగలేదు? టీ వేళకు మేస్త్రితో ఇదే మాట అంటే, ఆయన గ్లాసు ఊదుకుంటూ, కొనేటోడు నడపడు కదా అన్నాడు. నిజమే. వ్యాపారి కొంటాడు, కూలికి వచ్చినవాళ్లు నడుపుతారు. కొటేషన్ వ్యాపారి దగ్గరే ఆగిపోతుంది. నడిపేవాళ్లు మా కొటేషన్ వినడం ఇదే మొదటిసారి.

పగలకుండా ఉండాలంటే రోలరుకీ జల్లెడకీ మధ్య సందు మార్చుకునే మర బోల్టు పెట్టాలని మేస్త్రి తేల్చాడు. నాలుగు ముక్కలుగా విప్పి బోల్టులతో బిగించేలా చేయొచ్చన్నాడు. కూర్చునే సంగతి దగ్గరే చిక్కొచ్చింది. కాళ్లు పొట్టి చేస్తే గింజ పడే నోరు నేలకు ఆనుతుంది, కింద తట్ట పట్టదు. మొత్తం కొత్తగా చేస్తే ధర పెరుగుతుంది, సీజనూ దాటుతుంది. నాకేం తోచక, మిషన్ ఎక్కడ పెడతారో ఒక ఫోటో పంపమని ఆమెను అడిగాను. ఈ ప్రశ్న కూడా అదివరకు ఎవర్నీ అడిగింది లేదు.

ఫోటో వచ్చింది. పెంకుటిల్లు, ముందు ఎత్తైన అరుగు, అరుగు మీద వరసగా కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న ఆడవాళ్లు. నేను వాళ్ల ముఖాలు చూస్తున్నాను. మేస్త్రి నా ఫోను తీసుకుని, కళ్లద్దాలు పైకి నెట్టి, అరుగు చూశాడు.

"మిషన్ని కింద వాకిట్ల పెడదాం. వాళ్లు అరుగు మీదనే కూసుంటరు. తొట్టికి అరుగు దాక ఒక పళ్లెం పెడితే అయిపాయె."

మిషన్ కాళ్లు మార్చక్కర్లేదు. తొట్టికి ఒక వాలు పళ్లెం చేస్తే చాలు. అరుగు ఎత్తు కొలిచి చెప్పమని అడిగాం. వాళ్లు చీపురుపుల్లను అరుగు ఎత్తుకి సరిగ్గా విరిచి, దాన్ని టేపు పక్కన పెట్టి ఫోటో తీసి పంపారు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఫోటో వచ్చింది, సాయంత్రానికల్లా మారిన ధరతో సహా రెండో వాయిస్ కొటేషన్ వెళ్లిపోయింది. అడిగిన రోజే మేము పంపిన మొదటి కొటేషన్ అది. ఎందుకు వీలైందని ఆటోలో ఇంటికి పోతూ ఆలోచించాను. మిషన్ పాతదే. ఏం మారిందో మాకు కచ్చితంగా తెలుసు. ఆ మారినదానికి మాత్రమే ధర వేశాం. మిగతాదంతా మళ్లీ మొదట్నుంచి లెక్కకట్టలేదు.

వాళ్లు ఇంకో షాపులోనూ అడిగారని తర్వాత తెలిసింది. చివరికి మాదే కొన్నారు. కారణం నేను అడగలేదు. కొన్నది చాలు, కారణాలు తవ్వొద్దని ఓనరు గారు ముందే హెచ్చరించారు.

మిషన్ తీసుకుని మేస్త్రి బయల్దేరే రోజు నేనూ వస్తానన్నాను. ఆఫీసు మనిషికి అక్కడేం పని అని ఓనరు గారు అడిగితే, నా కొటేషన్ విన్నవాళ్లను చూడాలని ఉంది సార్ అన్నాను. ఆయన వెళ్లి రమ్మన్నారు. తెల్లవారగానే చిన్న ట్రక్కులో బయల్దేరాం. జూలూరుపాడులో టిఫిను తిన్నాం. భద్రాచలం వంతెన దాటి దుమ్ముగూడెం దారి పట్టేసరికి ఎండ ముదిరింది. గోదావరి ఒక పక్క కనబడుతూ, చెట్ల వెనక దాగుతూ వచ్చింది. వాగు దగ్గర ట్రాక్టరు సిద్ధంగా ఉంది. ఎండాకాలం కాబట్టి నీళ్లు పాదాలు తడిసేంతే. ముక్కలు ఒక్కొక్కటే ట్రాక్టరులోకి మారుస్తుంటే, మేస్త్రి ఏ ముక్కని ఎంతమంది పట్టుకుంటున్నారో చూస్తూ నిలబడ్డాడు. అన్నిటికన్నా బరువైనదాన్ని ఎత్తలేక ఇబ్బందిపడ్డారు. దీన్ని ఇంకో రెండు ముక్కలు చేయాల్సింది అని గొణుక్కున్నాడు.

లీడరు నేను అనుకున్నంత పెద్దామె కాదు. నా వయసే ఉంటుంది. నా గొంతు విని నా గురించి వాళ్లూ ఏదో ఊహించుకున్నారట, నేను లావుగా ఉంటాననుకున్నారట. అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చారు. మేస్త్రి బోల్టులు బిగించుకుంటుండగా, నేను ఇక ఉండబట్టలేక ఆ నవ్వు సంగతి అడిగాను. తడి పండు అనగానే ఎవరో ఏదో అన్నారు కదా, అదేంటి?

లీడరు మళ్లీ నవ్వి, పక్కనే కూర్చున్న ముసలావిడను చూపించింది. "మా పెద్దమ్మ అన్నది. తడి పడదంట, దానికి గూడ నా లెక్కనే మోకాళ్ల నొప్పులున్నట్టున్నయ్ అని."

ఆ పెద్దమ్మ నా వైపు చూసి, తన మోకాలి మీద చేత్తో తట్టి, మిషన్ వైపు చూపించింది. నాకు భాష అక్కర్లేకపోయింది. చెబితే భయపడతారని ఓనరు గారు అనుకున్న మాటే వాళ్లకు మిషన్‌ను తమ ఇంటి మనిషిని చేసింది.

మిషన్ పెట్టారు. మొదట వేసిన పండులో గింజలు చాలావరకు పగిలాయి. మేస్త్రి మర తిప్పి సందు పెంచాడు, మళ్లీ వేయించాడు, మళ్లీ కొంచెం తిప్పాడు. ఈసారి గింజ నున్నగా, నల్లగా, చెక్కు చెదరకుండా కింద తట్టలో పడింది. లీడరు ఒక గింజ తీసి పంటి కింద పెట్టి చూసింది. బాగుంది అంది. కానీ పళ్లెం దగ్గర ఇంకో ఇబ్బంది వచ్చింది. అరుగు అంచున కూర్చున్న వాళ్లకు సరిపోయింది. పెద్దమ్మ అంత అంచుకు రాలేదు, చెయ్యి అందలేదు. పళ్లెం పొడుగు చేయిస్తానని మేస్త్రి అన్నాడు. ఆవిడ వద్దని చేత్తోనే చెప్పి, గింజల తట్ట ముందుకు లాక్కుని, మిషన్ వదిలేసిన పీచు ఏరుతూ కూర్చుంది. మేం బయల్దేరేదాకా ఆ పనిలోనే ఉంది. మేస్త్రి మాత్రం ఆ తర్వాత చేసినవాటన్నిటికీ పళ్లెం ముందుకీ వెనక్కీ జరిపే వీలుండేలా చేశాడు.

తిరుగు దారిలో ఇద్దరం అదే మాట్లాడుకున్నాం. ఏది ఎప్పుడూ మారదు, ఏది మారుతుంది? వర్షాలు మొదలై పని పలచబడ్డ రోజుల్లో, షెడ్డులో కూర్చుని ఆ పని మొదలుపెట్టాం. చింతపండు మిషన్‌లో మారేవి తొట్టి, మోటారు, కాళ్లు, పళ్లెం. మిర్చి మిషన్‌లో వేరేవి. మారే ప్రతి ముక్కకీ మేస్త్రి రేకు లెక్క చెప్పాడు, ఓనరు గారు ధర వేశారు, రేకు ధర పెరిగినప్పుడల్లా మార్చేలా కంప్యూటరులో పెట్టాను. అన్ని మిషన్లకూ ఇది కుదరలేదు. పసుపు ఉడికించేవి ఇప్పటికీ ఒక్కొక్కటీ విడిగా లెక్క కట్టాల్సిందే. కుదిరినవాటికి మాత్రం అడిగిన రోజే కొటేషన్ పోతోంది.

నా ప్రశ్నలు కూడా మారాయి. గంటకు ఎన్ని కిలోలు అన్నది అన్నిటికన్నా ఆఖరి ప్రశ్న అయింది. ముందు ఎవరు నడుపుతారు, ఎక్కడ పెడతారు, దారి ఎలా ఉంటుంది అని అడుగుతాను. కొందరికి ఇది నచ్చదు. సత్తుపల్లి నుంచి ఒక మిల్లు యజమాని, "ఆ కబుర్లన్నీ ఎందుకమ్మా, కాగితం పంపండి చాలు" అన్నారు. ఆయనకు కాగితమే పంపాను. కావాలన్నవాళ్లకు నోటితోనూ చెప్పి పంపుతాను. ఈ మధ్య ఓనరు గారే ఒకటి రికార్డు చేస్తానని ఫోను తీసుకున్నారు. మొదలుపెట్టింది మిర్చి మిషన్ గురించి, తేలింది వాళ్ల తమ్ముడి మిర్చి తోటలో తెగులు దగ్గర. మేము దాన్ని కత్తిరించకుండానే పంపాం. మిషన్ అడిగిన రైతు తెగులుకు మందు చెబుతూ అంతకన్నా పొడుగు జవాబు పంపాడు. ఓనరు గారు అది తమ్ముడికి పంపించారు. మిషన్ సంగతి ఇంకా తేలలేదు.

కొటేషన్లో జనం ఏం చదువుతారో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తెలియంది ఇంకా చాలా ఉందని మాత్రం మొన్ననే మళ్లీ తెలిసింది. జూలూరుపాడు నుంచి ఒక పత్తి రైతు ఫోను చేశాడు. పత్తి కట్టె ముక్కలు చేసే మిషన్ కావాలన్నాడు. దాన్ని నడిపేవాళ్లు కట్టె లోపలికి తోస్తూ, ఇరుక్కుంటే వెంటనే పిడి లాగి ఆపాలి. అలాంటిది ముందే ఒకటి చేసి ఉన్నాం కాబట్టి చకచకా అడుగుతూ పోయాను. ఎవరు నడుపుతారు అన్నప్పుడు, మా ఇంటామె అన్నాడు. అక్కడితో ఆగకుండా, "ఆమెది పుర్రచెయ్యి మేడం. పిడి ఎటు దిక్కుంటది?" అని అడిగాడు.

కనుక్కుని చెబుతానని ఫోను పెట్టేసి షెడ్డులోకి వెళ్లాను. ఆమెది ఎడమచేతి వాటమని విని, మేస్త్రి తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నాడు. ఇద్దరం షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాం. తయారైనవి, సగం తయారైనవి, బాగుచేయడానికి వచ్చినవి, ఒక్కొక్క దాని దగ్గరా ఆగి చూశాం. అన్నిటికీ పిడి కుడివైపే ఉంది. ఎడమవైపు పెట్టడానికి ఏం మారాలో చూద్దామని ఆయన పత్తి కట్టె మిషన్ మూత విప్పడం మొదలుపెట్టాడు. నేను పక్కనే స్టూలు లాక్కుని, లోపల ఏముందో చూడటానికి వంగాను.